మడమ నొప్పి నాకు, పడిపోయింది అమ్మ... చెప్పులు మానేయాలా?

పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం పంపారు. ఆవిడకు 46 ఏళ్లు. టీచరు. రోజుకు ఐదారు గంటలు నిలబడే పని. దాదాపు పదిహేనేళ్లపాటు ముందు భాగం సన్నగా, మడమ ఎత్తుగా ఉండే చెప్పులే వేసుకున్నారు. వయసు పెరుగుతోంది, ఇక చాలు అనుకుని కిందటేడు వాటిని ఒక్కసారిగా పక్కన పెట్టి పల్చటి ఫ్లాట్ చెప్పులకు మారారు. రెండు నెలలు తిరక్కుండానే కుడి మడమలో నొప్పి మొదలైంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు గుచ్చినట్టు ఉంటుంది. పది నిమిషాలు అటూ ఇటూ నడిస్తే తగ్గుతుంది. సాయంత్రానికి మళ్లీ వస్తుంది. తొమ్మిది నెలలుగా ఇదే వరస. ఎక్స్‌రేలో మడమ ఎముక ముల్లులా పెరిగిందన్నారు. మెత్తటి చెప్పులు వాడమని, తగ్గకపోతే ఇంజెక్షన్ చేద్దామని డాక్టర్ చెప్పారు.

మందపాటి మెత్తటి స్లిప్పర్లు తనకు కొనుక్కుంటూ, 72 ఏళ్ల తల్లికి కూడా అదే రకం జత కొన్నారు. తల్లికి పద్నాలుగేళ్లుగా షుగర్. ‘కాళ్లు దూది మీద పెట్టినట్టుంటున్నాయే’ అని ఆమె అంతకు ముందు నుంచే అంటున్నారట. మూడు నెలల కిందట ఒక రాత్రి బాత్‌రూమ్‌కి లేచి, ఆ స్లిప్పర్లతో నడుస్తూ పడిపోయారు. మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ, అప్పటినుంచి ఆమె గుమ్మం దాటడం లేదు. ఇంట్లోనూ గోడ పట్టుకునే నడుస్తున్నారు.

తమ్ముడికి 34 ఏళ్లు, రోజూ పరుగెత్తే అలవాటు. ఆరు నెలలుగా బూట్లు మానేశాడు. ‘చెప్పులే అన్నిటికీ మూలం, నువ్వూ అమ్మా ఉత్త కాళ్లతో నడవండి, అన్నీ పోతాయి’ అంటున్నాడు. భర్త ‘నిలబడే ఉద్యోగాల్లో ఇవి మామూలే’ అని తేల్చేశారు. ఈ గొడవలో ఆవిడ ఏళ్లుగా చేస్తున్న సాయంత్రం నడక మానేశారు. బరువు ఐదు కిలోలు పెరిగారు. ‘చెప్పులు మానేయాలా, ఇంకా మెత్తటివి కొనాలా? ఒక్క మాటలో చెప్పండి. ఇంకో పాతికేళ్లకు నేనూ అమ్మలా గోడ పట్టుకుని నడుస్తానేమోనని భయంగా ఉంది. అమ్మ పడిపోవడానికి నేను కొన్న చెప్పులే కారణమా?’ అని ముగించారు.

మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. ఉత్తరమంతా మడమ గురించే రాసినా, మీకు నిద్ర పట్టనివ్వనిది ఆ ప్రశ్నేనని నాకనిపించింది.

ఆ చెప్పుల పాత్ర కొంత ఉండే ఉంటుంది. లేదని చెప్పి మిమ్మల్ని ఓదార్చలేను. వెనక పట్టీ లేని స్లిప్పర్ పాదానికి అంటిపెట్టుకుని ఉండదు. అది జారిపోకుండా వేళ్లు బిగించి, కాలు ఈడుస్తూ నడవాల్సి వస్తుంది. మందంగా, మెత్తగా ఉండే సోల్ కింద నేల ఎలా ఉందో పాదానికి సరిగ్గా తెలియదు. అయితే ఆ రాత్రి అక్కడ చెప్పులొక్కటే లేవు. చీకటి ఉంది. నిద్రమత్తు ఉంది. 72 ఏళ్లకు తగ్గిపోయిన పిక్కల బలం ఉంది. అన్నిటికంటే పెద్దది, ‘దూది మీద పెట్టినట్టుంది’ అన్న ఆవిడ మాట ఉంది. షుగర్ వల్ల పాదాల నరాలు దెబ్బతిన్నవాళ్లు చాలామంది ఇంచుమించు ఇదే మాట చెబుతారు. అది మీరు చెప్పులు కొనక ముందు నుంచే ఉందని మీరే రాశారు. కాళ్లకు సుఖంగా ఉంటుందని ప్రేమతో కొన్నారు. మీ పాదానికి హాయిగా ఉన్నది అమ్మగారి పాదానికీ హాయిగానే ఉంటుందనుకున్నారు. జరిగిన పొరపాటు అంతవరకే. మీ తమ్ముడు ఇప్పుడు ఉత్త కాళ్ల విషయంలో చేస్తున్నదీ అదే పొరపాటు. తనకు సరిపడింది మీ ఇద్దరికీ సరిపడుతుందనుకుంటున్నాడు.

ఒక్క మాటలో చెప్పమన్నారు. మీ ఇంట్లో మూడు రకాల పాదాలున్నాయి కాబట్టి ఒక్క మాట సరిపోదు. ముందు పాదం పనితీరు కొంచెం చూద్దాం, అప్పుడు మిగతావి మీకే అర్థమవుతాయి.

ఒక్కో పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉంటాయి. ఒంట్లోని 206 ఎముకల్లో 52, అంటే నాలుగో వంతు, ఈ రెండు పాదాల్లోనే ఉన్నాయి. అరికాలి కింద మడమ నుంచి వేళ్ల మొదళ్ల దాకా ఒక గట్టి పట్టీ సాగి ఉంటుంది. దాన్ని ప్లాంటార్ ఫేషియా అంటారు. అడుగు వేసి మడమ పైకి లేచినప్పుడు బొటనవేలు వెనక్కి వంగుతుంది. అప్పుడు ఈ పట్టీ, బావి గిలకకు తాడు చుట్టుకున్నట్టు, వేలి మొదలు చుట్టూ బిగుసుకుని పాదం వంపును పైకి లాగుతుంది. అంతవరకు మెత్తగా ఉన్న పాదం ఆ క్షణంలో గట్టి మీటలా మారి ఒంటిని ముందుకు నెడుతుంది. హిక్స్ అనే శాస్త్రవేత్త 1954లో దీన్ని వివరించారు. ఈ పట్టీ ఒంటరిగా ఆ బరువంతా మోయదు. అరికాలిలోని చిన్న చిన్న కండరాలూ, పిక్కా దానికి సాయం చేస్తాయి. అవి బలహీనపడితే వాటి వంతు బరువు కూడా పట్టీ మీదే పడుతుంది.

మరి అవి ఎందుకు బలహీనపడతాయి? అమ్మగారి చేతికి కట్టు విప్పిన రోజు గుర్తు తెచ్చుకోండి. ఆ చెయ్యి రెండో చేతికంటే సన్నబడి ఉండుంటుంది. ఆరు వారాలు కదలకపోతేనే కండరం అంత కరిగిపోతుంది. వేళ్లు కదలనివ్వని, పాదం వంగనివ్వని చెప్పులు ఏళ్ల తరబడి వేసుకుంటే పాదానికీ అలాంటిదే జరుగుతుంది. కాకపోతే అంత నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి మనం గమనించం.

ఇప్పుడు మీ మడమ సంగతి. మీరు అంతగా పట్టించుకోకుండా రాసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఎత్తు మడమలు ‘ఒక్కసారిగా’ పక్కన పెట్టి ఫ్లాట్ చెప్పులకు మారానన్నారు. ఎత్తు మడమల మీద ఏళ్లు గడిపితే పిక్క ఆ ఎత్తుకు అలవాటు పడిపోతుంది. 2010లో వచ్చిన ఒక పరిశోధనలో, ఎత్తు మడమలు అలవాటైన స్త్రీల పిక్క కండరపు పోగులు మిగతావారికంటే సుమారు 13 శాతం పొట్టిగా ఉన్నాయని, మడమ వెనక ఉండే స్నాయువు మందంగా, బిరుసుగా మారిందని తేలింది. అలాంటి కాలిని రాత్రికి రాత్రి ఫ్లాట్ చెప్పులో పెడితే, సాగలేని పిక్క మడమను వెనక నుంచి లాగుతుంది, కింద పట్టీ మీద బిగువు పెరుగుతుంది. పైగా రోజుకు ఐదారు గంటలు నిలబడే పని. మీరు మంచి పనే మొదలుపెట్టారు. ఆరు నెలలు తీసుకోవాల్సిన మార్పును ఒక్క రోజులో చేశారు, అంతే.

మొదటి అడుగు నొప్పి, నడిస్తే తగ్గడం, సాయంత్రం మళ్లీ రావడం... ఈ వరస ప్లాంటార్ ఫేషియైటిస్‌కు, అంటే ఆ అరికాలి పట్టీ దెబ్బతిని వచ్చే నొప్పికి, బాగా సరిపోతుంది. ఎక్స్‌రేలో కనిపించిన ముల్లు గురించి మాత్రం టెన్షన్ పడకండి. ఏ నొప్పీ లేనివాళ్లకు ఎక్స్‌రే తీసినా చాలామందిలో అలాంటి ముల్లు కనిపిస్తుంది. ముల్లు అలాగే ఉండగా నొప్పి పూర్తిగా పోయినవాళ్లు ఎందరో. అది గుచ్చుకోవడం వల్ల నొప్పి వస్తోందన్న ఊహ మనసులో ఉంటే ప్రతి అడుగుకీ భయం వేస్తుంది. ఆ ఊహ తీసేయండి.

అయితే ఉత్తరం చదివి రోగం ఇదేనని నేను తేల్చలేను. మడమను రెండు పక్కల నుంచి అరచేతులతో నొక్కితే భరించలేని నొప్పి ఉన్నా, రాత్రి పడుకున్నప్పుడు కూడా నొప్పి తగ్గకున్నా, అరికాలు మంట పుట్టినా, తిమ్మిరెక్కినా, పొద్దున నడుము కూడా చాలాసేపు పట్టేస్తున్నా, ఆ సంగతి డాక్టర్‌కి ప్రత్యేకంగా చెప్పండి. ఎముకలో సన్నటి పగులు, నరం ఒత్తిడి, కీళ్లవాతం లాంటివి ఇలా బయటపడతాయి. వాటి దారి వేరు.

ఇవేవీ లేకపోతే మీ ముందు కొన్ని దారులున్నాయి.

మెత్తటి చెప్పులతోనే గడిపేయడం ఒకటి. ఇందులో తప్పేమీ లేదు. నొప్పి బాగా ఉన్న రోజుల్లో మడమ కింద మెత్త, కొంచెం ఎత్తు ఉంటే హాయిగా ఉంటుంది, మీ ఉద్యోగానికి అది అవసరం కూడా. చాలామందికి ఏడాది లోపల నొప్పి దానంతట అదే సద్దుమణుగుతుంది. కానీ మెత్త పాదానికి ఊరటనిస్తుంది, బలాన్నివ్వదు. ఊరట ఒక్కదానితో ఆగిపోతే, మీరు భయపడుతున్న ఆ పాతికేళ్ల తర్వాతి రోజుకు సిద్ధపడినట్టు కాదు.

ఇంజెక్షన్ గురించి: స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో కొందరికి కొన్ని వారాలు మంచి ఉపశమనం ఉంటుంది. ఎక్కువ కాలం చూస్తే ఆ తేడా మిగలదు. అరుదుగానే అయినా ఆ పట్టీ తెగే ప్రమాదం, మడమ కింద సహజంగా ఉండే కొవ్వు మెత్త పల్చబడే ప్రమాదం ఉన్నాయి. మిగతావన్నీ మూడు నెలలు గట్టిగా ప్రయత్నించాక కూడా పాఠం చెప్పలేని స్థితి ఉంటే ఆలోచించవచ్చు. మీరింకా ఆ ‘మిగతావి’ మొదలుపెట్టలేదు, అందుకే నేను మీ స్థానంలో ఉంటే కొంత ఆగుతాను. చేయించుకోవాలనే అనుకుంటే, తర్వాత కొన్ని వారాలు ఆ కాలికి ఎక్కువ శ్రమ పెట్టకూడదని మాత్రం గుర్తుంచుకోండి. నొప్పి పోయింది కదా అని పరుగులు పెడితేనే చిక్కు.

నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది బలం పెంచే దారి మీద. ఇది నెమ్మదిగా సాగేది, కొంచెం విసుగు పుట్టించేది. డెన్మార్క్‌లో జరిగి 2014లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, వట్టి సాగదీసే వ్యాయామాలు చేసినవారికంటే పిక్కకు బరువు పెట్టే వ్యాయామం చేసినవారు మూడు నెలల నాటికి బాగా మెరుగ్గా ఉన్నారు. ఏడాది నాటికి రెండు జట్లూ దాదాపు సమానమయ్యాయి. అంటే ఇది అద్భుతం కాదు, కాకపోతే ముందుగా తేరుకుంటారు, పైగా పిక్క బలం మీ దగ్గరే ఉండిపోతుంది.

చేయడం ఇలా. మెట్టు అంచున పాదాల ముందు భాగం మాత్రం ఉంచి నిలబడండి, పక్కన పట్టుకోవడానికి ఏదైనా ఉండాలి. చుట్టిన తువ్వాలును వేళ్ల కింద పెట్టి, వేళ్లు వెనక్కి వంగేలా చూసుకోండి. మూడు లెక్కపెడుతూ మడమలు పైకి లేపండి, రెండు లెక్కపెట్టేంతసేపు ఆగండి, మళ్లీ మూడు లెక్కపెడుతూ దించండి. ఆ పరిశోధనలో ఒక్క కాలితోనే చేయించారు. మీరు రెండు కాళ్లతో మొదలుపెట్టి, తేలికైపోయాక నొప్పి ఉన్న కాలితో మాత్రమే చేయండి. పన్నెండేసి చొప్పున మూడు విడతలు, రోజు విడిచి రోజు. రోజూ చేస్తే త్వరగా తగ్గుతుందనుకోకండి, మధ్యలో ఆ విరామం కావాలి. చేస్తున్నప్పుడు కొంచెం నొప్పి ఉంటే ఫర్వాలేదు. మర్నాడు పొద్దున మొదటి అడుగు అంతకు ముందుకంటే ఘోరంగా ఉంటే మాత్రం మోతాదు తగ్గించండి. ఆ మొదటి అడుగే మీకు థర్మామీటర్.

దీనితో పాటు, మంచం దిగక ముందే కుడి కాలిని ఎడమ మోకాలి మీద వేసుకుని, వేళ్లను చేత్తో వెనక్కి లాగి పది సెకన్లు ఉంచండి. ఇలా పదిసార్లు. ఆ తర్వాతే నేల మీద కాలు పెట్టండి. రోజుకు మూడుసార్లు చేయగలిగితే ఇంకా మంచిది. కూర్చున్నప్పుడల్లా వేళ్లు ముడవకుండా, పాదం ముందు భాగాన్ని మడమ వైపు లాగి వంపును పైకి తెచ్చే ప్రయత్నం చేయండి. మొదటి వారం ఏమీ కదలదు. ఎక్కడ ఏం చేయాలో పాదానికి మెల్లగా గుర్తొస్తుంది.

చెప్పుల మాటకొస్తే, ఇప్పుడు మీకు కావలసింది మడమ ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు ఎత్తుండి, వెనక గట్టిగా పట్టుకునేది. ముందు భాగంలో వేళ్లు విప్పారేంత చోటు ఉండాలి. పాదం పొద్దుటికంటే సాయంత్రానికి కొంచెం ఉబ్బుతుంది కాబట్టి సాయంత్రం కొనండి. నిలబడి చూసుకోండి, అన్నిటికంటే పొడుగు వేలి ముందు దాదాపు ఒక బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. ఒక కాగితం మీద పాదం చుట్టూ గీత గీసి, దాని మీద చెప్పు పెట్టండి. గీత బయట కనిపిస్తే ఆ చెప్పు మీ పాదాన్ని నొక్కుతున్నట్టే. ఇంత తేలికైన పరీక్షను మనలో చాలామంది జీవితంలో ఒక్కసారి కూడా చేయం, ఇది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. నొప్పి తగ్గాక, నెలలు తీసుకుంటూ, మడమ ఎత్తు తగ్గించుకుంటూ వెళ్లవచ్చు. అంటే మీరు కిందటేడు చేసిన పనే, ఈసారి నిదానంగా.

మీ తమ్ముడు చెప్పేదాంట్లో నిజం లేకపోలేదు. 1992లో 2,300 మంది భారతీయ పిల్లల మీద వచ్చిన ఒక అధ్యయనంలో, చెప్పులు వేసుకునే పిల్లల్లో 8.6 శాతం మందికి చదునుపాదాలుంటే, వేసుకోనివారిలో 2.8 శాతం మందికే ఉన్నాయి. పెద్దల్లో కూడా, పల్చగా, సులువుగా వంగే సోల్ ఉన్న బూట్లతో ఎనిమిది వారాలు నడిచినవారి పాదాల కండరాలు, వ్యాయామం చేసినవారితో సమానంగా బలపడ్డాయని 2019లో తేలింది. కానీ ఇంకోటి కూడా చూడండి. 2013 నాటి ఒక అధ్యయనంలో, మామూలు బూట్ల నుంచి పది వారాల్లో పల్చటి బూట్లకు మారిన 19 మంది రన్నర్లలో 10 మందికి పాదం ఎముకల లోపల వాపు పెరిగింది. ఎముకకు ఆ మార్పు అందుకోవడానికి సమయం సరిపోలేదు. వాళ్లు పరుగు అలవాటున్నవాళ్లు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు. మీకిప్పటికే నొప్పి ఉంది. ఇప్పుడు గట్టి నేల మీద గంటల తరబడి ఉత్త కాళ్లతో నిలబడితే పుండు మీద రోకటి పోటే. పొద్దుటి నొప్పి పూర్తిగా పోయి ఓ నెల గడిచాక, రోజుకు ఐదు నిమిషాలతో ఇంట్లోనే మొదలుపెట్టి, వారానికి కొంచెం కొంచెం పెంచుకోవచ్చు. అప్పుడు మీ తమ్ముడి సలహా మీకు నిజంగా ఉపయోగపడుతుంది.

అమ్మగారి విషయంలో మాత్రం మీ తమ్ముడి మాట వినకండి. దీంట్లో నేను మెత్తగా చెప్పదలచుకోలేదు. స్పర్శ తగ్గిన షుగర్ పాదం ఉత్త కాళ్లతో నడిస్తే చిన్న రాయి గుచ్చుకున్నా, వేడి నేల మీద బొబ్బ లేచినా తెలియదు. ఆ చిన్న గాయం మానక, పుండై, కాలు తీసేసేదాకా వెళ్లిన సందర్భాలు తక్కువేమీ కాదు. ఇంట్లో కూడా ఆవిడకు చెప్పులు కావాలి. వెనక పట్టీ ఉండి మడమను పట్టుకునేది, బిగించుకోవడానికి వీలున్నది, సోల్ పల్చగా, గట్టిగా, జారనిది. మీ మడమకు మెత్త కావాలి, ఆవిడ నిలకడకు గట్టిదనం కావాలి. వేసుకునే ముందు ప్రతిసారీ లోపల చెయ్యి పెట్టి చూడాలి. రోజూ రాత్రి అరికాళ్లు, వేళ్ల సందులు మీరు గాని, ఆవిడే అద్దం పెట్టుకుని గాని చూడాలి. డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లి ‘దూది’ మాట ఆవిడ చెప్పినట్టే చెప్పండి. సన్నటి నైలాన్ దారంతో అరికాలి స్పర్శ పరీక్ష చేస్తారు, నొప్పి ఉండదు, నిమిషాల్లో అయిపోతుంది. షుగర్ ఉన్నవారికి అది కనీసం ఏడాదికోసారి జరగాలి. పడుకుని లేచినప్పుడు బీపీ పడిపోతోందేమో కూడా చూడమనండి. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా చిన్న లైటు పెట్టించండి.

ఆవిడ గుమ్మం దాటకపోవడమే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. పడిపోతానన్న భయంతో కదలడం మానేస్తే కాళ్లు ఇంకా బలహీనపడతాయి, అప్పుడు పడే అవకాశం ఇంకా పెరుగుతుంది. 72 ఏళ్లకు పాదాల బలం పెరగదని ఎవరైనా అంటే నమ్మకండి. ఆస్ట్రేలియాలో 65 దాటిన, పాదాల నొప్పులతో బాధపడుతున్న 305 మందిని తీసుకుని, వారిలో సగం మందికి పాదాల వ్యాయామాలు, సరైన చెప్పులు, ఇన్‌సోల్స్ (చెప్పు లోపల పరిచేవి) అదనంగా అందించారు. ఏడాదిలో వారు పడిపోవడాలు మిగతావారికంటే 36 శాతం తగ్గాయని 2011లో ప్రకటించారు. అమ్మగారు గట్టి కుర్చీలోంచి చేతుల ఊతం తగ్గించుకుంటూ లేచి కూర్చోవడం, వంటింటి గట్టు పట్టుకుని మడమలు లేపడం, కూర్చుని బొటనవేలిని నేలకు అదిమి ఉంచడం, వీటితో మొదలుపెట్టవచ్చు. మొదట్లో మీరు పక్కనే నిలబడాలి. ఒక ఫిజియోథెరపిస్ట్ ఒకటి రెండుసార్లు చూసి సరిదిద్దితే ఆవిడకు ధైర్యం వస్తుంది. మీరు కూడా మడమలు లేపేది అదే సమయానికి పెట్టుకుంటే ఇద్దరూ కలిసి చేయవచ్చు. కూతురికీ ఇది అవసరమేనని తెలిస్తే, తానేదో భారమైపోయానన్న బాధ ఆవిడకు కొంచెం తగ్గవచ్చు.

మీ వారితో ఒక మాట. నిలబడే ఉద్యోగాల్లో ఇది మామూలేనన్నది నిజమే, చాలామందికి వస్తుంది. కానీ ఎక్కువమందికి రావడం వేరు, వదిలేయాల్సినది కావడం వేరు. ఆయన్ని ఓ రోజు పొద్దున మీరు మంచం దిగేటప్పుడు పక్కన ఉండి చూడమనండి.

సాయంత్రం నడక మళ్లీ మొదలుపెట్టండి. పూర్తిగా మానేయడం వల్ల మడమకు మేలేమీ జరగలేదు, బరువు మాత్రం పెరిగి ఆ అరికాలి పట్టీ మీదే పడుతోంది. పావుగంటతో మొదలుపెట్టండి, మర్నాటి మొదటి అడుగును బట్టి పెంచండి. మూడు నెలలు ఇలా చేశాక కూడా మార్పు లేకపోతే నాకు మళ్లీ రాయండి, అప్పుడు ఇంజెక్షన్ సంగతి, షాక్‌వేవ్ చికిత్స (నొప్పి ఉన్నచోట యంత్రంతో తరంగాలు పంపే చికిత్స) సంగతి వివరంగా మాట్లాడుకుందాం.

అన్నిటికంటే ముందు, అమ్మగారి మంచం పక్కనున్న ఆ మెత్తటి స్లిప్పర్లు ఈ రాత్రికే అక్కడి నుంచి తీసేయండి. కొత్తవి కొనేదాకా ఆవిడ రాత్రి లేచినప్పుడల్లా మిమ్మల్ని పిలవమనండి.